పికప్‌లో ప్రార్థన

1983లో అమెరికాలోని ట్రాయ్‌లో, తెలుగువాడైన ఆమోసు తన చేతులతో పాతకాలం మోడల్లో తయారుచేసిన పికప్‌ని కొంటానని ఒక తెల్లవాడు వచ్చాడు. నడిపి చూస్తానని ఎక్కి, దారిలో పిస్టల్ తీశాడు. పక్కన ఆమోసు, భార్య లూసీ ఇరుక్కుపోయారు.

సిగ్నల్ దగ్గర ముందు పోలీసు కారు ఆగి ఉంది.

"నోరెత్తితే కాల్చేస్తా!"

"ప్రేయర్ చేసుకోనివ్వు," అని లూసీ ఇంగ్లీషులో బతిమాలింది. వాడు సరేనన్నాడు.

స్విచ్ అన్నా, పోలీస్ అన్నా వాడికి అర్థమైపోతుంది. అందుకే లూసీ బైబిలు తెలుగు అందుకుంది.

"ప్రభువా, భటులు ఎదుటనే ఉన్నారు. దొంగలకు భయపడి నా పెనిమిటి తన కాలికింద దాచిన మీటను ఇప్పుడే నొక్కునుగాక. ఆమేన్."

"ఆమేన్," అన్నాడు దొంగ కూడా.

ఆమోసు నొక్కాడు. ఇంజన్ ఆగిపోయింది. పచ్చలైటు పడినా బండి కదలకపోయేసరికి వెనక హారన్లు హోరెత్తాయి. పోలీసు దిగి ఇటే రావడం చూసి, దొంగ పిస్టల్‌ని సీటు కిందికి తోసేశాడు.