పట్టీ వదిలిన చెయ్యి

ఆసుపత్రి వార్డు సహాయకుడు కృపారావు దినేశ్‌ను ఎడమవైపుకు ఒత్తిగిలజేసి, వీపు మీద చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి చూశాడు. మాస్కు ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి.

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో చదువుతూ, సైకిల్ మీంచి పడి మెడ దగ్గర వెన్ను దెబ్బతిన్న కుర్రాడు. ఛాతీ కింద స్పర్శ లేదు. కరోనా రోగులకు పడకలు చాలడం లేదు. ఆనుకోకుండా కూర్చోగలడని ఈ రోజు తేలితే ఇక్కడే ఉంచి సాధన చేయిస్తారు. లేకపోతే వృద్ధాశ్రమానికి పంపేస్తారు. అక్కడ మంచమే గతి.

"నాకు ఆట ఎందుకంకుల్? కాళ్లు గావాలె."

"ఇవాళ్టికి నా మాట వినయ్యా," అంటూ కృపారావు అతన్ని కుర్చీలోకి చేర్చి ఆటగదికి తీసుకెళ్లాడు. వీపు కుర్చీకి ఆనకుండా ముందుకు జరిపి, పట్టులేని వేళ్ల చుట్టూ కట్టుగుడ్డ తిప్పి బ్యాట్ బిగించాడు.

టేబుల్ టెన్నిస్ బల్లకు అవతల డెక్లన్ తన చక్రాల కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. యౌవనంలో నడుము కింద చచ్చుబడినా, కుర్చీలోనే దేశం తరఫున ఆడిన మనిషి. ఇప్పుడు వీపు పుండు మాన్పించుకోవడానికి వచ్చాడు. బల్ల పొడవు కరోనా దూరం నిబంధనకు మించి ఉంది కాబట్టి, వార్డులో మిగిలిన ఆట ఇదొక్కటే.

"ఒకప్పుడు మనలాంటివాళ్లను మంచాన పడేసి చావు కోసం చూసేవారు బాబూ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డాక్టర్లు వీపు గట్టిపడాలని బాణాలు, బంతులు చేతికిచ్చారు. రోగులు ఊరుకుంటారా? పందేలు వేసుకున్నారు. మందే పోటీ అయి కూర్చుంది!" డెక్లన్ నవ్వాడు. నవ్వు చివర చిన్న దగ్గు.

ఉంచాలో పంపాలో తేల్చాల్సిన ఫిజియో అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. బంతి వచ్చింది. దినేశ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వెనక నుంచి కృపారావు చెయ్యి అతని నడుం పట్టీని బిగించి పట్టుకునే ఉంది. రోజూ అంతే. పడిపోతాడేమోనని భయం.

"కృపా, చెయ్యి తియ్యవయ్యా. ఆడేది నువ్వా, అతనా?" అన్నాడు డెక్లన్.

జాలి కూడా అడ్డుపడుతుందా ప్రభువా? కృపారావు వేళ్లు విప్పాడు.

డెక్లన్ బంతిని పక్కకు వేశాడు. దినేశ్ ఒరిగాడు. ఇంకా ఒరుగుతున్నాడు. కృపారావు చేతులు వాటంతటవే ముందుకు పోబోయి గాలిలో ఆగాయి. బ్యాట్‌కు తగిలిన బంతి అవతలికి ఎగిరింది. దినేశ్ తలనూ రెండో చేతినీ ఎదురుపక్కకు విసిరి, వణుకుతూ కుర్చీలో నిటారుగా నిలదొక్కుకున్నాడు.

"గ్రాండ్. ఇక్కడే ఉంటాడు," అంది ఫిజియో.

"అంకుల్, నువ్వు పట్టుకోలే గదా?"

"లేదయ్యా."

"ఇంకోటి ఎయ్యమను!"

డెక్లన్ వెయ్యలేదు. దగ్గు తెర ఆగలేదు. సాయంత్రానికి జ్వరం. ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కున్న ఇద్దరు అతన్ని వేరే అంతస్తుకు తోసుకెళ్లారు. వెళ్తూ చెయ్యి ఊపాడు.

వారం తిరక్కముందే డెక్లన్ పోయాడని కబురు వచ్చింది. వార్డులో అతనుండిన గది శుభ్రం చేయడానికి కృపారావు వెళ్లాడు. కిటికీ అంచున అతని తోలు చేతితొడుగులు ఆరేసి ఉన్నాయి. అరచేతుల దగ్గర అరిగిపోయి, ఇంకా చక్రాన్ని పట్టుకున్నట్టే వంగి.