ధారూర్‌లో చావు, అనంతగిరిలో మంచు

శ్యామల తన నలభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఇంట్లో దూరిన తేలును కూడా చంపకుండా చీపురుతో బయటికి నెట్టిన మనిషి. అలాంటిది ఆ మంగళవారం సాయంత్రం, జొన్నరొట్టె కాలుస్తూ, పెనం మీంచి కళ్ళెత్తకుండా మేనత్తను చంపేసింది.

"ధారూర్ల లక్ష్మమ్మత్త పోయిందంట," అంది.

ఎదురుగా పీట మీద కూర్చుని తింటున్న సుధాకర్ చెయ్యి ఆగిపోయింది. అతనికి తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. పొద్దంతా మిషన్ల మోతలో ఉండి ఉండి, ఇంట్లో ఏ మాట విన్నా రెండోసారి చెప్పించుకోవడం అలవాటు.

"ఎవరు పోయిండ్రు?"

"లక్ష్మమ్మత్త. మా నాయనకు పెదనాయన బిడ్డ. మన పెండ్లికి వచ్చింది, పెద్ద ముక్కుపుల్ల పెట్టుకోని."

"పాపం," అన్నాడు సుధాకర్. ముక్కుపుల్ల అతనికి గుర్తు రాలేదు. "రేపు పొద్దుగాల బండికి పోయిరా మరి."

ఆ ఒక్క 'పోయిరా' కోసం శ్యామల ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది.

ఆమె పోవాలనుకుంటున్నది ధారూర్‌కు కాదు. ఇంకొంచెం ముందుకు, వికారాబాద్‌లో దిగి, అనంతగిరి గుట్ట మీదికి. వానాకాలంలో అక్కడ చెట్ల మధ్య మంచు దిగుతుంది. ఇంటి నుంచి గంటన్నర దూరం. ఆ మంచును ఒక్కసారి నిలబడి, తీరిగ్గా చూడాలని ఆమె కోరిక.

ఆరేళ్ళ కింద ఒకసారి పోకపోలేదు. సుధాకర్ చెడ్డవాడైతే, గుట్టకు పోతానంటే వద్దనేవాడైతే, పోట్లాడి అయినా పోవచ్చు. అతను వద్దనడు. "అందరం పోదాం" అంటాడు. అప్పుడూ అలాగే అన్నాడు. అత్త ఈశ్వరమ్మ, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ అత్తలు కలిసి పద్నాలుగు మంది తేలారు. శ్యామల రాత్రి రెండింటికి లేచి పులిహోర కలిపింది, పూరీలు వేసింది. గుట్ట మీద టార్పాలిన్ పరిచి కూర్చుని పొద్దున పది నుంచి మూడు వరకు వడ్డించింది. మధ్యలో పిల్లలు "మంచు! మంచు!" అని అరిచారు. చేతిలో గరిటెతోనే లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో, "శ్యామలా, మామిడికాయ తొక్కు యాడ పెట్టినవే?" అని ఈశ్వరమ్మ కేక. తొక్కు సీసా దొరికేసరికి ఎండ కాసింది.

ఈ కథంతా ఆమె బస్టాండు వెనక సైరా కుట్టు దుకాణంలో కూర్చుని చెప్పుకునేది. వినేవాళ్ళు ఇద్దరు. ఒకరు సైరా. రెండో ఆమె అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైన ఇంద్రమ్మ. ఆమె భర్త పోయి పదేళ్ళు. పోయిన వారం ముగ్గురూ కలిసి గుట్టకు పోవాలని తీర్మానించుకున్నారు.

"నేనైతే నిజమే చెప్పిన మా ఆయనకు," అంది సైరా మిషన్ తొక్కుతూ. "పో, నాకు నాలుగు మక్కకంకులు పట్కరా అన్నడు. గంతే."

"మీ అజమత్ భాయికి ఆడబిడ్డలను పిలిచే పిచ్చి లేదు తల్లీ," అంది శ్యామల. "నేను నోరు తెరిస్తే మా ఆయన వ్యాను మాట్లాడ్తడు."

"సావు చెప్పు," అంది ఇంద్రమ్మ.

"ఏంది?"

"పెండ్లంటే వెంట వస్తరు. గుడి అంటే అందరం పోదామంటరు. సావంటే ఒక్కలు గూడ ఉరకరు. నా సర్వీసుల మా మేనమామను మూడు సార్లు సంపిన. సూపర్‌వైజర్ మేడం మూడు సార్లు గూడ పాపం అనే అన్నది."

"తౌబా!" అంటూ సైరా చెంపలు వేసుకుంది. వేసుకుంటూనే, "ఎవర్ని సంపుదాం?" అని అడిగింది.

అలా లక్ష్మమ్మ దొరికింది. ఎనభై అయిదేళ్ళ మనిషి. శ్యామల ఆమెను చూసి పదకొండేళ్ళయింది. అసలు ఇప్పటికే పోయి ఉండొచ్చు, అలాంటప్పుడు ఇది అబద్ధం కూడా కాదు, ఆలస్యంగా చెప్పిన కబురు. శ్యామల తనకు తాను అలా సర్దిచెప్పుకుంది.

బుధవారం పొద్దున చావుకు తగ్గట్టు వెలిసిపోయిన బూడిదరంగు చీర కట్టుకుని ఇంట్లోంచి బయటపడింది. నెమలికంఠం రంగు చీర ముందే సైరా సంచిలో చేరింది. వికారాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో చీర మార్చుకుని బయటికి వస్తే, "పీనుగ దగ్గరికి పోయినదానివి పెండ్లికూతురై వచ్చినవేందే!" అని ఇంద్రమ్మ పడీ పడీ నవ్వింది.

గుట్ట ఎక్కుతుండగానే ఆటోలోకి చల్లగాలి కొట్టింది. పైన దిగేసరికి మంచు నిజంగానే ఉంది. చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, కొమ్మలు లేవు. పది అడుగుల అవతల నిలబడి కంకులు కాలుస్తున్న ఆమె ఒకసారి కనబడుతోంది, ఒకసారి బొగ్గుల ఎరుపు తప్ప ఏమీ లేదు. శ్యామల చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. గాజుల మీద సన్నటి నీళ్ళు పట్టాయి.

మొదటి పావుగంట ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. కూర్చున్న బండను అలవాటుగా తడిమి, "మన తాండూరు బండనే, పాలిష్ మంచిగ పట్టలే," అంది. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని మనుషుల్ని లెక్కపెట్టబోయింది. ముగ్గురే ఉన్నారు. ఇద్దరి చేతుల్లో కంకులున్నాయి, మూడోది తన చేతిలోనే ఉంది. వేడి చాయ్ ఎవరో తెచ్చి చేతికిచ్చారు. ఆమె మెల్లగా కాళ్ళు చాపుకుంది.

"ఏమన్న మాట్లాడు శ్యామలక్కా," అంది సైరా.

"వద్దు. జర ఉండు," అంది శ్యామల.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అప్పటిదాకా లేని సిగ్నల్ ఆ బండ దగ్గరే తగలాలా! సుధాకర్.

"శ్యామలా, యాడిదాకొచ్చింది? పీనుగను ఎత్తిండ్రా?"

"ఇంకా ఎత్తలే," అనేసింది, ఆలోచించకుండా.

"అయితే అందుకుంట. పెద్దేముల్ దాటిన. అమ్మ ఒక్కతీరు తిడ్తున్నది నన్ను. నీ పుట్టింటి దిక్కు సావు, సావింట్ల పొయ్యి ముట్టియ్యరు, అల్లునివి అయ్యుండి ఉత్త చేతులు ఊపుకుంట పోతవా అని. ముప్పై మందికి వండింది. బువ్వ, పప్పు గంజులు ట్రాలీ ఆటోల ఎక్కించిన. దండ గూడ తెచ్చిన."

పక్కన లోయ అంచున కాలేజీ పిల్లలు నిలబడి, ప్రతిధ్వని కోసం గొంతులు చించుకుంటూ "ఓ... హో..." అని అరిచారు.

"అయ్యో, గంత గనం ఏడుస్తున్నరేంది!" అన్నాడు సుధాకర్ అవతల నుంచి. "నువ్వు జర వాళ్ళకు ధైర్యం చెప్పు, వస్తున్న." సిగ్నల్ పోయింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్ని చావులకు పోయి ఉంటారు, ఎన్ని చావు ఇళ్ళకు బువ్వ మోసి ఉంటారు! అయినా ఒక్కరికీ తట్టలేదు. మనిషి చచ్చింది అబద్ధమే కావచ్చు గానీ, ఆ మాట ఈశ్వరమ్మ చెవిన పడితే బువ్వ మాత్రం నిజంగానే ఉడుకుతుంది.

"మళ్ళ బతికిందని చెప్పు," అంది ఇంద్రమ్మ. "స్నానం పోస్తుంటే కండ్లు తెరిచిందని."

"సిగ్నల్ ఏది?" అంది శ్యామల, ఫోన్‌ను గాల్లోకి ఎత్తి గుండ్రంగా తిరుగుతూ.

"ఆమె నిజంగనే పోయి ఉంటే ఏ పరేషాన్ ఉండకపోవు," అంది సైరా. వెంటనే మళ్ళీ చెంపలు వేసుకుంది.

వచ్చిన ఆటోలోనే ఎక్కి ధారూర్ పొమ్మన్నారు. మంచులో అతను లైట్లు వేసి నడక వేగంతో నడుపుతున్నాడు.

"జర తొందరగ పోనియ్యి అన్నా," అంది శ్యామల.

"మంచు చూడనీకె వచ్చినోళ్ళు మంచులకెల్లి ఉరుకుతున్నరేందమ్మా?"

"సావుకు పోతున్నం," అంది ఇంద్రమ్మ.

"అయ్యో. ఎవరు పోయిండ్రు?"

"ఇంకా ఎవ్వరు పోలే," అంది శ్యామల.

అతను అద్దంలోంచి ముగ్గురినీ ఒకసారి చూసి, ఆ తరవాత ధారూర్ దాకా ఏమీ అడగలేదు. శ్యామల ఆటోలోనే బూడిదరంగు చీరను పైనుంచి చుట్టుకోవాలని చూసింది. మొదటి గుంతకే అది జారి కాళ్ళ కింద పడింది. ఇక వదిలేసింది.

లక్ష్మమ్మ ఇంటి ముందు ట్రాలీ ఆగి ఉంది. శ్యామల గుమ్మం దాటింది.

వాకిట్లో మంచం మీద లక్ష్మమ్మ కూర్చుని ఉంది. ముక్కుపుల్ల తళతళలాడుతోంది. మెడలో చెయ్యంత లావు బంతిపూల దండ. చేతిలో పళ్ళెం. పప్పన్నం కలుపుకుని, మంచి ఆకలి మీదున్న మనిషిలా తింటోంది. ఎదురుగా సుధాకర్ చేతిలో గరిటె పట్టుకుని, దిక్కుతోచని మొహంతో నిలబడి ఉన్నాడు.

జరిగింది తరవాత తెలిసింది. అతను దండ పట్టుకుని మొహం వేలాడేసుకుని లోపలికొస్తే, ముసలామె గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఎవరికయ్యా దండ?" అని అడిగింది. సుధాకర్‌కు ఏం చెప్పాలో తోచక, "మీకే అత్తమ్మా, చూసి శానా రోజులాయె," అన్నాడు. ఆమె తల వంచింది. వెయ్యక తప్పలేదు.

"ఇద్దరు ఒక్కపారే దిగిండ్రేంది?" అంది లక్ష్మమ్మ. "రా బిడ్డ. మంచిగున్నవా? చీర మంచిగుంది."

సుధాకర్ భార్యను పక్కకు తీసుకుపోయాడు. "నీకెవరో తప్పు కబురు చెప్పిండ్రు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరు చెప్పింది? ఇట్ల చెప్పెటోళ్ళను ఊకె ఇడిసిపెట్టొద్దు."

శ్యామలకు దారి దొరికింది. ఒక్క పేరు చెబితే చాలు. ఫోన్ ఎవరిదో తెలియదన్నా చాలు. వెనకాల ఇంద్రమ్మ దగ్గుతూ, అదే చెప్పమని కళ్ళతో సైగ చేస్తోంది. చెబితే ఇవాళ్టికి గండం గట్టెక్కుతుంది. కానీ వచ్చే వానాకాలం మళ్ళీ మంచు దిగుతుంది. అప్పుడు ఇంకొకరిని చంపాలి. ఆమె మనసులో చుట్టాలందరినీ ఒకసారి చూసుకుంది. చంపదగ్గవాళ్ళు ఎవరూ కనబడలేదు.

"ఎవ్వరు చెప్పలే," అంది. "నేనే సంపిన."

"ఏంది?" అన్నాడు సుధాకర్. మిషన్ల మోత లేకపోయినా.

"నేనే సంపిన. గుట్టకు పోనీకె. వీళ్ళతోని. పోయిన గూడ. నువ్వు ఫోన్ చేసేసరికి ఆడనే ఉన్న."

అతని మొహం చిన్నబోయింది. "నేను ఎన్నడన్న వద్దన్ననా శ్యామలా?"

"అనలే. అంటే కొట్లాడేదాన్ని. నువ్వు అందరం పోదామంటవ్. అందరు గుట్ట చూస్తరు, నేను గంజు చూస్త. ఒక్కరోజు నేను ఎవ్వలకు ఏం పెట్టకుండ కూసోవాల్నని ఉండె."

సుధాకర్ చేతిలోని గరిటె వైపు చూసుకున్నాడు.

మంచం మీద నమలడం ఆగింది. ముసలామెకు కళ్ళు మందగించాయేమో గానీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

"నన్ను సంపినవా బిడ్డ?"

శ్యామల గబగబా పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "తప్పయింది అత్తమ్మా."

"పదకొండేండ్ల సంది, ముసల్ది ఉన్నదా పోయిందా అని ఒక్క పురుగు రాలే," అంది లక్ష్మమ్మ. శ్యామల తల ఇంకా కిందికి దిగింది. "సచ్చిన అంటే దండ వచ్చె, ముప్పై మందికి బువ్వ వచ్చె." ముసలామె పళ్ళెం ముందుకు చాపింది. "అల్లుడా, జర పప్పు పొయ్యి. మీ అమ్మ మంచిగ వండింది."

సుధాకర్ వంగి పప్పు పోశాడు.

"గుట్ట ఎంత చూసినవ్?" అని అడిగింది ఆమె శ్యామలను.

"సగం గూడ కాలే."

"మరి ఈడేం పని? పో, తక్కింది చూసి రా. వచ్చేటప్పుడు ఇటు దిక్కుకెల్లే రా." తరవాత సుధాకర్ వైపు తిరిగింది. "నువ్వు ఆ గంజులు మా కంది చేనుకాడికి తోలు. కోడలు, కూలోళ్ళు కలిసి ఇరవై మంది కలుపు తీస్తున్నరు. అందరికి కడుపునిండ వడ్డించి రా."

"నేనా అత్తమ్మా?"

"మరి నేనా? సచ్చినదాన్ని."

సైరా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఇంద్రమ్మ బాహాటంగానే నవ్వింది. సుధాకర్ గంజు ట్రాలీలోకి ఎత్తుతూ, "నేను గూడ పనైనంక అటే..." అని మొదలుపెట్టి, శ్యామల కళ్ళలోకి చూసి మాట మార్చాడు. "పైలంగ పోండ్రి. తొందరేం లేదు."

ముగ్గురూ ఆటో ఎక్కారు. ఆటో అతను ఇంటి వైపు చూశాడు. ఏడుపులు లేవు, డప్పులు లేవు, పాడె లేదు.

"అయిపోయిందా అమ్మా కార్యం?"

"ఆమె బువ్వ తింటున్నది," అంది శ్యామల, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నువ్వు గుట్టకు పోనియ్యి."