కిటికీలో చెయ్యి

సినిమా నలభయ్యో నిమిషంలో ఎడమ కిటికీ వెనక ఒక ముసలావిడ చెయ్యెత్తుతుంది. నాలుగు సెకన్లు. సినిమాలో ఎవరూ ఆవిడ్ని చూడరు, ఆవిడ గురించి మాట్లాడరు. రెండు గంటల్లో దయ్యం ఒక్కసారీ కనిపించని ఈ సినిమా మూడో వారం ఆడుతోందంటే ఆ నాలుగు సెకన్లే కారణం. మొదటిసారి వచ్చినవాళ్ళలో సగం మందికి ఆ చెయ్యి కనపడలేదు. కనపడినవాళ్ళు వాళ్ళని మళ్ళీ లాక్కొచ్చారు. అది ‘రా’ అంటోందా, ‘పో’ అంటోందా అని ఇంటర్వెల్లో వాదనలు.

ఏమంటోందో కో-డైరెక్టరుకి తెలుసు.

షూటింగ్ జరిగిన ఇల్లు ఒక కుట్టుపని ఆవిడది. వీధంతా మిషనమ్మ అంటారు. చెవుడు. ఆ రోజు పొద్దున పదింటికి కో-డైరెక్టరు ఆవిడ్ని ఆ ఎడమ కిటికీ ఉన్న పక్క గదిలో కూర్చోబెట్టి, తను చెప్పేదాకా బయటికి రావద్దన్నాడు.

“మీరు ప్యాకప్పని అరిస్తే నాకు వినపడి చావదు బాబూ. నువ్వే వచ్చి తలుపు తట్టు. చెక్క అదిరితే తెలుస్తుంది,” అందావిడ.

తట్టలేదు. వెలుగు పోతోందని సామాను వ్యానులకెక్కించే హడావుడిలో మర్చిపోయాడు. సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ ఆ గదిలోనే ఉంది. “చెప్పేదాకా రావద్దన్నాడే,” అంది.

కూతురు ఫోన్ చేసి అడిగితే అతను తడుముకోలేదు. “తట్టానండీ. సరేనన్నారు కూడా.”

నెల తర్వాత ఎడిటింగ్ గదిలో ఆ కిటికీ చూసి డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. “ఎవరిదయ్యా ఈ ఐడియా?”

“నాదే సార్,” అన్నాడు కో-డైరెక్టరు.

ఆదివారం మ్యాట్నీకి తల్లీకూతుళ్ళు వచ్చారు. టికెట్లు అతనే పంపాడు. లాబీలో కూతురు అతన్ని పక్కకి పిలిచింది.

“అన్నయ్యగారూ, అమ్మ దగ్గర ఆ రోజు సంగతి ఎత్తకండి. మీరు తట్టలేదనే వాదిస్తుంది. మతి తప్పుతోందని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. వేలు కుట్టేసుకుంటుందేమోనని మిషను అమ్మేశాను. ఆఫీసుకెళ్తూ బయట తాళం పెడుతున్నాను. ఏం చెయ్యను చెప్పండి, ఒక్కదాన్ని.”

అతను పాప్‌కార్న్ తెస్తానని వెళ్ళాడు.

నలభయ్యో నిమిషంలో హాలు ఊపిరి బిగబట్టింది. చెయ్యి లేచింది. వెనక వరసలో ఎవరో “అమ్మో” అన్నారు.

“అదుగో నేనే!” అంది మిషనమ్మ. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలియదు. పక్క సీట్లో ఉన్న కో-డైరెక్టరుకేసి తిరిగింది. “రావచ్చా అని అడుగుతున్నా. నువ్వేమో అటు తిరిగి ఫోన్లో మాట్లాడుకుంటున్నావు.”

హాలు గొల్లుమంది. ఒకడు ఈలేశాడు. “ఊరుకో అమ్మా, పరువు తీస్తున్నావు,” అని కూతురు ఆవిడ మోచెయ్యి నొక్కి, ‘చూశారుగా’ అన్నట్టు అతనికేసి చూసింది.

ఆవిడ ఊరుకుంది. ఎన్నాళ్ళుగానో అలవాటైనట్టు ఊరుకుంది. తర్వాతి గంటలో తెర మీద ఏం జరిగిందో అతను చూడలేదు.

ఆట వదిలాక జనం లాబీలో చుట్టుముట్టారు. “సార్, బామ్మగారి చేత హాల్లో ఆ డైలాగ్ చెప్పించడం కూడా మీ ఐడియానేనా? అదిరింది.”

“డైలాగ్ కాదు. ఆవిడ చెప్పింది నిజం. పిలుస్తానని చెప్పి నేను మర్చిపోయాను. అలాగే వదిలేసి వెళ్ళిపోయాను.”

“అబ్బ, ఒళ్ళు జలదరించింది సార్! రెండో పార్టు ఇదేనా?”

అందరూ నవ్వారు. నవ్వనిది కూతురొక్కతే.

“తట్టానన్నారు,” అంది.

“తట్టలేదమ్మా.”

“సరేనందన్నారు.”

“అనలేదు. నేను తలుపు దాకా వెళ్ళనే లేదు. మీ అమ్మగారి మతికేం కాలేదు. నేనే అబద్ధమాడాను.”

మిషనమ్మ ఇద్దరి పెదాల వంకా మార్చి మార్చి చూసింది. “ఏమంటున్నాడే?”

కూతురు ఆవిడ చెవి దగ్గరికి వంగి చెప్పింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ అతని వైపు తిరిగింది.

“నిజంగా తట్టలేదూ?” అంది. “ఏడు నెలలు బాబూ. తట్టే ఉంటావు, నేనే మర్చిపోయి ఉంటానని ఈ మధ్య నాకే అనిపిస్తోంది.”