రెండోసారి నొక్కాలి

మా ఆఫీసులో బిల్డ్ బటన్ రెండుసార్లు నొక్కుతారు. ఎందుకని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. మందులు దాచే ఫ్రిజ్‌లు ఎంత చల్లగా ఉండాలో చెప్పే ప్రోగ్రాం మేం రాస్తాం. విడివిడిగా ఉన్న ఫైళ్ళన్నిటినీ కలిపి ఆ ప్రోగ్రాంగా కూర్చేదే బిల్డ్. ఒకసారి నొక్కి టీకి వెళ్తాం, వచ్చి ఇంకోసారి నొక్కుతాం. ఇరవైరెండు మందిమి, ఆరేళ్ళుగా ఇదే తంతు.

అక్క ఒక్కసారే నొక్కింది. పదేళ్ళు ఇంటిపట్టున ఉండి మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. వయసులో పెద్దదని అందరం అక్కా అంటాం. ఆమెకిచ్చిన కాగితంలో ‘బిల్డ్ నొక్కాలి’ అని ఉంది, నొక్కింది. అది కొత్త కంప్యూటరు. దాంతో నలభై ఫ్రిజ్‌లు తప్పు అంకెలతో బయటికి వెళ్ళాయి. బిగించడానికి వెళ్ళిన మెకానిక్ చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది.

శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ అయిపోతుంది. సారు బుధవారమే కాగితం తయారుచేశాడు: నిర్లక్ష్యం వల్ల ఉద్యోగం ఖాయం చేయడం లేదు. కింద సీనియర్‌గా నేను సంతకం పెట్టాలట. నాకు ఒళ్ళు మండిపోయింది.

“రెండుసార్లు నొక్కాలని ఎక్కడ రాసుందండీ?” అన్నాను.

“అన్నీ రాస్తారా మేడం? అందరికీ తెలిసిందేగా.”

“ఆవిడకి తెలీదుగా.”

“అడగాలి మరి. ఆవిడే నోరెత్తట్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

అక్క నిజంగానే నోరెత్తలేదు. సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె, దువ్వెన, నీళ్ళ సీసా తీసి సంచిలో సర్దుకుంటోంది. “పోనీలే చెల్లీ, నా కోసం నువ్వెందుకు మాట పడటం” అంది. సంచి జిప్పు లాగుతూ, “‘మా అమ్మకి ఆఫీసుంది’ అని మా పిల్ల స్కూలంతా చెప్పుకుంది. దానికేం చెప్పాలో తెలీట్లేదు” అంది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. రెండోసారి నొక్కడం మరిచిపోయిన రోజులు మాకెవరికీ లేవా? అప్పుడు సిస్టం మొండికేసిందని నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. సంతకం పెట్టకుండా నా సీటుకొచ్చి, బిల్డ్ ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసి ఉన్న ఫైలు తెరిచాను. ఆరేళ్ళలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

విషయం చూడగానే తెలిసింది. బిల్డ్ ముందుగా ఫోల్డర్‌లో ఏయే ఫైళ్ళున్నాయో జాబితా రాసుకుంటోంది. ఆ తర్వాత చల్లదనం అంకెల పట్టిక ఫైలును తయారుచేస్తోంది. జాబితా అప్పటికే అయిపోయింది కాబట్టి కొత్త ఫైలును కలపడం లేదు, దాని బదులు ఎప్పటివో పాత అంకెలు వాడుతోంది. రెండోసారి నొక్కితే పట్టిక అప్పటికే ఫోల్డర్‌లో ఉంటుంది, జాబితాలోకి వస్తుంది. మా కంప్యూటర్లలో మునుపటి పట్టిక మిగిలి ఉండేది కాబట్టి మరిచిపోయినా చాలాసార్లు గట్టెక్కేవాళ్ళం, అక్క కొత్త కంప్యూటరులో అదీ లేదు. హాజరు పిలవడం అయ్యాక పిల్లను క్లాసులోకి పంపి, రాలేదని కొట్టినట్టుంది.

జాబితా రాసే లైనును కిందికి జరిపాను. పాతవన్నీ చెరిపేసి ఒక్కసారి నొక్కాను. పట్టిక వచ్చింది. మూడు నిమిషాల పని.

“ఏ మహానుభావుడు రాశాడు ఈ లైను?” అన్నాను, సారుకు వినబడేలా. ఏ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. తెరిచాను. నా పేరే. ఆరేళ్ళ కిందట, ఒక గురువారం. పక్కన చిన్న గమనిక: ‘ప్రస్తుతానికి రెండుసార్లు నొక్కండి. రేపు సరిచేస్తాను.’

అంత కోపమూ ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. లేచి వెళ్ళి, సారు ముందున్న కాగితం మీద అక్క పేరు కొట్టేసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను. “సంతకం కావాలన్నారుగా” అన్నాను.

సారు చదివి నవ్వాడు. “భలేవారే, ఇంతమాత్రానికి మీలాంటివాళ్ళని పంపిస్తామా?” అని కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

“మరి ఆవిడ్నెలా పంపించబోయారు?” అన్నాను. ఆయన ఫోను చూసుకున్నాడు.

అక్క సంచిలోవి తీసి మళ్ళీ సొరుగులో పెట్టుకుంటోంది. నా తెర మీది గమనికను కళ్ళజోడు పెట్టుకుని చదివింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడినా బాగుండేది.

“రేపు అని రాశావు. ఆరేళ్ళకైనా వచ్చిందిలే చెల్లీ” అంది.