అరుపుగిన్నె

తిరుపతిలో ఒక కాలేజీవాళ్ళు ఏటా పెట్టే మాటల పోటీకి ఆ సంవత్సరం పేర్లిచ్చినవాళ్ళు తక్కువ. అది డెబ్బై ఆరు ఫిబ్రవరి. ఎమర్జెన్సీ వచ్చాక కాలేజీలో గట్టిగా మాట్లాడేవాళ్ళే తగ్గిపోయారు. క్యాంటీనులో ఒక బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరైనా కొత్తవాడు వస్తే చటుక్కున సినిమాల గురించి మొదలుపెట్టేవాళ్ళు. అటువంటి రోజుల్లో వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, నోటికి తోచిన మాట చెప్పే ఆట ఎవరికి కావాలి?

ఉమ్మే సల్మాకు కావాలి. ఆమె చిత్తూరులో రేకు పెట్టెలు చేసి అమ్మే జిలాన్ కూతురు. హాస్టల్లో ఉండి బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అంగడికి వచ్చే వేలూరు బేరగాళ్ళ అరవం వింటూ పెరిగిన పిల్ల. మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూడటం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం. మిగతా పిల్లలు గచ్చకాయలు ఆడుకునే వయసులో తను మడమ, కునుకు, పులుపు, మిసిమి అంటూ ఎటు నుంచి చదివినా ఒక్కటే అయ్యే మాటలు వెతుక్కునేది.

పోటీలో జంటగా ఆడాలి. ఆమె జంట వెంకటముని. పుత్తూరు పక్క పల్లె నుంచి వచ్చినవాడు, మాట్లాడటం తక్కువ, ఆటలో మాత్రం పదునైనవాడు. వీళ్ళిద్దరినీ జత కలిపింది తెలుగు లెక్చరర్ దామోదరం. ఒక ఇంగ్లీషు మాట చెవిన పడితే దానికి తెలుగులో కొత్త మాట పుట్టించేదాకా ఆయనకు నిద్రపట్టదు. బ్లాటింగ్ పేపరును ‘సిరాతాగుడు’ అంటాడు, షట్టరును ‘చుట్టుతలుపు’ అంటాడు. ఆయన పాఠం చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవాళ్ళు.

దసరా సెలవుల తర్వాత దామోదరం కాలేజీకి రాలేదు. సెలవులో ఉన్నాడని ఆఫీసులో కొన్నాళ్ళు చెప్పారు. ఆ తర్వాత అది కూడా చెప్పడం మానేశారు. స్టాఫ్ రూములో ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అక్కడి నుంచి దాన్ని తీసెయ్యనూ లేదు. పోలీసులు ఆయన కోసం వెతుకుతున్నారని అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడలేదు.

పోటీ రోజు మధ్యాహ్నం హాలు సగమే నిండింది. చివరి వరుసలో తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఒక్కడే కూర్చుని, వార్తాపత్రికను మడిచి విసురుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ ఆయన దగ్గరికి రెండుసార్లు వెళ్ళి వంగి మాట్లాడి వచ్చాడు. బహుమతులకు దుడ్లు ఇచ్చిన వ్యాపారస్థుడు కాబోలు అనుకుంది సల్మా.

మొదట గొలుసు మాటలు. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో ఇంకొకరు అందుకోవాలి. మదనపల్లి కాలేజీ నుంచి వచ్చిన జంట ‘లవంగం’ అంటే సల్మా ‘గంప’ అంది. వాళ్ళు ‘పలుగు’ అంటే వెంకటముని ‘గునపం’ అన్నాడు. వాళ్ళు అక్కడ తడబడ్డారు. ఆటలో పడ్డాక సల్మాకు హాలు కనబడటం మానేసింది. మాట తర్వాత మాట దానంతట అదే నాలుక మీదికి వస్తోంది.

చివరిది కొత్త మాటల ఆట. పోటీ నడిపే లెక్చరర్ ఒక ఇంగ్లీషు మాట ఇస్తాడు. దానికి ఎవరూ వినని తెలుగు మాట పుట్టించాలి. ఇబ్బంది కలిగించే మాటలు రాకుండా ఆయన ముందే జాగ్రత్తపడి, ఇంట్లోనూ వీధిలోనూ కనబడే వస్తువులే ఇచ్చాడు. ‘లౌడ్ స్పీకర్’ అన్నాడు.

మదనపల్లి అబ్బాయి ‘ధ్వనివర్ధకం’ అన్నాడు. అది పుస్తకాల్లో ఉన్నదే అని తోసేశారు. సల్మా లేచి నిలబడి, “అరుపుగిన్నె” అంది.

హాలు ఒక్కసారిగా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. స్తంభానికి కట్టిన ఆ వస్తువు అచ్చంగా బోర్లించిన గిన్నెలాగే ఉంటుంది మరి. న్యాయనిర్ణేత కూడా నవ్వు ఆపుకోలేక పూర్తి మార్కులు వేశాడు. సల్మా నవ్వుతూ పక్కకు తిరిగింది. వెంకటముని నవ్వడం లేదు. వాడి పెదాలు పాలిపోయి ఉన్నాయి.

ఆ మాట ఆమెకు ఎక్కడిదని గొంతు తగ్గించి అడిగాడు. మొన్న సాధన చేసేటప్పుడు నువ్వే కదా అన్నావు, బాగుందని గుర్తుపెట్టుకున్నాను అంది సల్మా.

“అది దామోదరం సార్ మాట. పోయిన వారం రేణిగుంట స్టేషన్లో పంచిన కరపత్రంలో ఉండాది,” అన్నాడు వెంకటముని. “ఇంగ యాడా లేదు.”

అప్పుడు సల్మా హాలును చూసింది. చివరి వరుసలో పత్రిక విసురుకోవడం ఆగిపోయింది.

వాడు ఆదివారాలు బంగారుపాళ్యం బస్సెక్కేది ఎందుకో కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది. అక్కడ మేనత్త ఉందని ఇన్నాళ్ళూ చెప్పాడు. మామిడికాయల కాలం కాదు కాబట్టి అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలు మూతపడి ఉంటాయి. ఒక మనిషి ఏ షెడ్డులో తలదాచుకున్నా అడిగేవాళ్ళుండరు. ఆమె ఆ సంగతి వాడిని అడగలేదు. తెలియకపోవడమే మంచిదని తోచింది.

మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. కప్పు అందుకుని కిందికి దిగగానే ప్రిన్సిపాల్ వచ్చి, గోవిందస్వామి గారని ఒక పెద్దాయన మీతో మాట్లాడతారంట, తెలుగు శాఖ గదిలోకి రండి అన్నాడు. ఆ మాట వాళ్ళ మొహాల్లోకి చూడకుండా అన్నాడు. వాళ్ళు గదిలోకి వెళ్ళాక బయటి నుంచి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

తెల్ల చొక్కా మనిషి బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. వాళ్ళకు కూడా టీ తెప్పించాడు. తనది చంద్రగిరి అని, చిన్నప్పుడు తనకూ మాటల ఆటలంటే పిచ్చి అని, పోలీసు ఉద్యోగంలో పడ్డాక అన్నీ పోయాయని చెప్పుకొచ్చాడు. గొంతు మెత్తగా ఉంది. మేనమామ మాట్లాడినట్టే ఉంది.

“అరుపుగిన్నె,” అన్నాడు రుచి చూస్తున్నట్టుగా. “మాట బాగుండాది పాపా. నీ సొంతమేనా?”

“నాదే సార్,” అంది సల్మా. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. పక్కన వెంకటముని ఊపిరి వినబడుతుంటే ఇంకో జవాబు రాలేదు.

గోవిందస్వామి తలూపి, అయితే మనం ముగ్గురం కాసేపు ఆడుకుందామన్నాడు. తను ఇంగ్లీషు మాట ఇస్తే ఆమె తెలుగు చెప్పాలి. ముందు టార్చిలైటు ఇచ్చాడు. సల్మా ‘చేతిదివ్వె’ అంది. రబ్బరు స్టాంపు అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి ‘చిటికెముద్ర’ అంది. సెన్సారు అన్నాడు. ఆమె ఆగకుండా ‘మాటజల్లెడ’ అంది.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం, ఆ కరపత్రమే కాబోలు, తీసి, వాళ్ళకు కనబడకుండా చూసుకుని, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఆమె చెప్పిన మాటలేవీ అందులో లేవని ఆయన ముఖమే చెప్పింది. ఈ పిల్లకు మాటలు పుట్టించడం నిజంగానే చేతనవును, ఒకే మాట ఇద్దరికి తోచకూడదని ఏముంది అన్నట్టు భుజాలు వదులు చేశాడు. సల్మాకు గండం గడిచిందనిపించింది.

“ఏమప్పా, నువ్వూ ఆడు,” అన్నాడు వెంకటమునితో.

టార్చిలైటుకు వెంకటముని వెంటనే ‘గుప్పిటివెలుగు’ అన్నాడు. సల్మా చెప్పినదానికంటే బాగుంది. గోవిందస్వామి మెచ్చుకున్నాడు. రబ్బరు స్టాంపు అన్నాడు. వెంకటముని ఆలోచించాడు, మరీ ఎక్కువసేపు ఆలోచించాడు. ఈ మాటకు దామోదరం ఆ కరపత్రంలో ఏం రాశాడో వాడికి తెలుసు. ఆ మాట తన నోటి నుంచి రాకూడదు. దానికి దగ్గరగా ఉండేదీ రాకూడదు. చివరికి ‘రబ్బరు ముద్ర’ అన్నాడు. సెన్సారు అన్నాడు గోవిందస్వామి. వెంకటముని తల వంచుకుని, తెలీదు సార్ అన్నాడు.

వాడికి బదులు తనే ఒక మాట చెప్పి దాన్ని కప్పెయ్యాలని సల్మా నోరు తెరిచింది. గోవిందస్వామి చెయ్యెత్తి ఆమెను ఆపాడు. ఆమె వైపు చూడను కూడా లేదు.

“ఇప్పుడే కప్పు గెల్చినావు. ఉన్నట్టుండి నీకు మాట రాకుండా పోయిందే,” అన్నాడు. “తెలియనోడు ఏదో ఒకటి అంటాడప్పా. తెలిసినోడే మూసుకుంటాడు.”

టీ తాగమని చెప్పి వెంకటముని తాగేదాకా ఆగాడు. తర్వాత వాడి భుజం మీద చెయ్యి వేసి, చిత్తూరు దాకా పోయి వద్దాం పద అన్నాడు. జీపు వెనక గేటు దగ్గర ఉంది. వెంకటముని ఎక్కేటప్పుడు తిరిగి చూస్తాడేమోనని సల్మా నిలబడింది. వాడు చూడలేదు. ఆమెను తెలిసిన మనిషిగా చూడకపోవడమే వాడు ఆమెకు చెయ్యగలిగిన మేలు.

ఆమె ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆమెను కూర్చోమనలేదు. ఇంటికి కబురు పెట్టాను, మీ నాన్న వస్తాడు, వెంట వెళ్ళిపో అన్నాడు. జిలాన్ సాయంత్రానికల్లా వచ్చి కూతుర్ని, ఆమె పెట్టెను తీసుకుని చిత్తూరు బస్సెక్కాడు. దారిలో ఆమె జరిగినదంతా చెప్పింది. జిలాన్ విని, ఈ సంగతి అమ్మకు కూడా చెప్పొద్దని మాత్రం అన్నాడు.

చిత్తూరులో రోజులు బరువుగా గడిచాయి. అంగడి ముందు జీపు చప్పుడైతే జిలాన్ చేతిలో సుత్తి ఆగిపోయేది. ఎవరో ఒకాయన వచ్చి పెట్టెలన్నీ తెరిచి చూసి, ఏదీ కొనకుండా, అమ్మాయి కాలేజీకి పోవడం లేదా అని అడిగి వెళ్ళాడు. సల్మా లోపలి గదిలోంచి అది విన్నది. ఆమెకు మాటల మీద మనసు పోయింది. ఇంట్లో వాళ్ళు రెండు మాటలడిగితే ఒకటి చెప్పేది. రోడ్డు మీద కట్టిన అరుపుగిన్నెలోంచి సర్కారు ఇరవై సూత్రాల ప్రచార పాట వస్తుంటే చెవులు మూసుకునేది.

ఎండలు ముదురుతున్నప్పుడు పుత్తూరు వైపు రైతు ఒకాయన కూతురి పెళ్ళికి పెట్టె కొనడానికి వచ్చాడు. బేరం మధ్యలో, తమ ఊరి కుర్రాడొకడు కాలేజీ నుంచి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడని, పుత్తూరులో కట్టు కట్టించుకుంటున్నాడని చెప్పాడు. పేరు అడిగితే వెంకటముని అన్నాడు. మెట్ల మీది నుంచి పడ్డాడంట అని చెప్పి, ఆ మాట తనకే నమ్మబుద్ధి కానట్టు నేల చూశాడు.

మర్నాడు జిలాన్ అంగడి తెరవలేదు. సల్మా ఏమీ అడగకముందే చెప్పులు వేసుకుని, పోదాం రా బేటీ అన్నాడు.

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టే ఇంటి ముందు పందిరి కింద జనం కూర్చుని ఉన్నారు. వెంకటముని ఒక మూల గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా ఆకుపసరు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. సల్మాను చూసి నవ్వబోయాడు. ముందరి పళ్ళలో ఒకటి లేదు.

పోలీసులు బంగారుపాళ్యం గురించి అడిగారని, తను మేనత్త అనే చెప్పానని అన్నాడు. ఎన్ని రోజులు అడిగారో వాడికే లెక్క తెలియదు. పగలా రాత్రా అన్నది కూడా తెలియని గది అది. అయితే తన నోటి నుంచి ఏమీ రాకముందే అంతా అయిపోయింది. కుర్రాణ్ణి పట్టుకుపోయారని దామోదరానికి ఎవరో చేరవేశారు. ఆయన పట్టపగలు, ఉతికిన పంచె కట్టుకుని, చిత్తూరులో పోలీసు స్టేషన్ మెట్లెక్కాడు.

“‘మాట నాది. పిల్లోడిది కాదు, వాణ్ణి పంపించండి’ అన్నాడంట,” అన్నాడు వెంకటముని. “నన్ను బయటికి తెస్తా ఉంటే సార్‌ని లోపలికి తీసకపోతా ఉండారు. నా చెయ్యి సూసినాడు సల్మా.”

ఇప్పుడు ఆయన్ని ఎక్కడ పెట్టారో తెలియదు. వదులుతారో లేదో చెప్పేవాళ్ళు లేరు. సల్మా ఆ కట్టు వైపు చూసింది. ఆ రోజు నేను ఆ మాట అనకపోయి ఉంటే అని మొదలుపెట్టింది. వెంకటముని ఒప్పుకోలేదు. సాధనలో నోరు జారింది తనేనని, అంత మంచి మాట చెవిన పడ్డాక ఎవరికైనా నోట్లోనే ఆగిపోదని అన్నాడు. చెప్పి కళ్ళు మూసుకున్నాడు. పక్కన ఒక పిల్లాడికి ఎముక సరిచేస్తున్నారు. ఆ ఏడుపు ఆగేదాకా ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు.

తిరుగు బస్సు తిరుపతి మీదుగా పోతుంది. బస్టాండులో బస్సు ఆగగానే సల్మా లేచి నిలబడింది. దామోదరం సార్ భార్య యశోదమ్మ ఈ ఊర్లోనే ఉంది, ఒక్కతే ఉంది, చూసి వస్తాను అంది. జిలాన్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరు ఎవరికి చేరవేస్తారో ఆయనకు తెలుసు. అంగడి ఉంది, ఇంకా ఇద్దరు చిన్నపిల్లలున్నారు. కండక్టరు విజిల్ వేశాడు. జిలాన్ లేచి, చేతిసంచి తీసుకుని కూతురి వెనకే దిగాడు.

యశోదమ్మ ఉండే వీధిలో చాలా ఇళ్ళ తలుపులు వేసి ఉన్నాయి. ఎదురింటి గోడ పక్కన ఒకడు సైకిలు స్టాండు వేసి నిలబడి ఉన్నాడు. చైను ఊడిపోయినట్టు వంగి చూస్తున్నాడు గాని చేతులు సైకిలు మీద లేవు. జిలాన్ అతన్ని చూశాడు. సల్మా కూడా చూసింది. ఇద్దరూ నడక ఆపలేదు.

తలుపు తట్టినా చాలాసేపు పలుకు లేదు. తర్వాత ఎవరని లోపలి నుంచి నీరసంగా వినబడింది.

“నేనమ్మా, ఉమ్మే సల్మాను,” అంది సల్మా, వీధి మొత్తానికీ వినబడేలా. “చిత్తూరు జిలాన్ కూతుర్ని. సార్ శిష్యురాల్ని.”

గడియ తీసిన చప్పుడైంది. వెనక సైకిలు స్టాండు తీసిన చప్పుడు కూడా అయింది. యశోదమ్మ తలుపు తెరిచి, వాళ్ళిద్దర్నీ చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.