నల్లటేపు కింద ఎర్రదీపం

టెలిఫోను మెకానిక్ గుమ్మం దాటకముందే నిప్పులు కక్కుతున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని వెనకాల చిటపట అంటారు. మొహం మీద అనగలిగేది ఆపరేటరు ఒక్కతే. అతని కంటే నాలుగేళ్లు పెద్దది. అక్కా అని పిలుస్తాడు.

"వచ్చావా చిటపటా? మెట్ల మీదే మొదలెట్టావు, ఇక్కడిదాకా వినిపించింది."

"అరవక ఏం చెయ్యనక్కా? కరెంటు తీస్తున్నామని నాకొక్క మాట చెప్పొద్దూ? ఈ ఎక్స్ఛేంజి పెట్టేమన్నా ఫ్యానా, స్విచ్చి వెయ్యగానే తిరగడానికి!"

వైరింగు పని కోసం నిన్న బిల్డింగంతా కరెంటు తీశారు. పొద్దున్నే మళ్లీ వెయ్యగానే ఆ పెట్టె కలిపే నూట పన్నెండు ఫోన్లకీ పిచ్చెక్కింది. జీతాల సెక్షనుకి చేస్తే స్టోర్ రూములో మోగుతోంది. మేనేజరు నంబరు నొక్కితే గేటు కాపలావాడు ఎత్తి "ఎవరు కావాలి?" అంటున్నాడు.

ఆ మేనేజరే ఆపరేటరుని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా, ఇందులో చూడ్డానికేముంది? నంబర్లన్నీ ఉండే ఆ ఫ్లాపీ డిస్కు పక్కనే ఈవిడ టీ గ్లాసు పెడుతుంది. డిస్కు ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల పాడైందని రెండు ముక్కలు రాసియ్యి. సాయంత్రంలోగా ఈవిణ్ణి పంపించేస్తాను."

పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. హెడ్‌ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"చూడకుండా రాయడానికి నేనేమన్నా జ్యోతిష్కుణ్ణా సార్? అవతలికి వెళ్లండి, గాలి రానివ్వండి."

మెకానిక్ పెట్టెలోంచి ఫ్లాపీని చదివే డ్రైవు ఊడదీశాడు. దూదికి స్పిరిట్ అద్ది లోపల తుడిచాడు. తీగలు పీకి మళ్లీ గుచ్చాడు. తన సంచిలోంచి ఇంకో డ్రైవు తీసి అందులోనూ ఆ డిస్కుని తిప్పి చూశాడు. మొదటి నుంచి చివరిదాకా గడగడా చదివేసింది.

"డిస్కుకి జలుబు కూడా లేదక్కా. గుండ్రాయిలా ఉంది" అంటూ పెట్టెకి తగిలించిన తెర మీద ఫోన్లున్నవాళ్ల పేర్లు చూసి ఆగిపోయాడు. "ఇదేంటి, మన ముసలి క్యాషియరు పేరుంది?"

"ఆయన రిటైరై ఆరేళ్లయింది. పాపం, పోయి కూడా రెండేళ్లు."

అతను ఆ పేర్లన్నీ మళ్లీ పైనుంచి కిందికి చూశాడు. కరెంటు ఉన్నంతసేపూ ఈ యంత్రం అన్నీ బుర్రలోనే పెట్టుకుంటుంది. చిన్న కోతలకి బ్యాటరీ ఆదుకునేది, నిన్న రోజంతా తీసేసరికి అదీ అయిపోయింది. రోజూ రాత్రి రెండింటికి ఆ బుర్రలో ఉన్నదంతా ఫ్లాపీ మీదకి రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే ఆ ఫ్లాపీ చూసుకునే అన్నీ గుర్తు చేసుకోవాలి. మరి ఎనిమిదేళ్ల కిందట యంత్రం బిగించిన నాటి పేర్లే గుర్తు చేసుకుందంటే, ఎనిమిదేళ్లుగా ఒక్క రాత్రి కూడా రాసుకోలేదన్నమాట.

డిస్కు బయటికి లాగాడు. మూలన ఉండే బుల్లి తలుపు తెరిచి ఉంది. అది తెరిచి ఉంటే చదవడమే, రాయడానికి వీల్లేదు. లేబులు మీద నీలం సిరాతో, "ముట్టుకుంటే చేతులు విరుగుతాయి" అని ఉంది. కింద తేదీ, సంతకం. ఆ సంతకం తనదే. యంత్రం బిగించిన రోజున, ఎవడైనా చెరిపేస్తాడేమోనని తనే తలుపు తెరిచాడు. మళ్లీ ముయ్యడం మరిచిపోయాడు.

తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

"రాసుకోలేకపోతే ఎర్రదీపం వెలగాలే! అదేదీ?" అన్నాడు చివరికి.

ఆమె పెట్టె ముందువైపు చూపించింది. దీపం ఉండాల్సిన చోట నల్లటేపు ముక్క.

"వెలిగిందిరా. నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. 'దీపం వెలిగితే నీ సొమ్మేం పోయింది, డిస్కు ముట్టుకున్నావంటే ఊరుకోను' అని ఠపీమని పెట్టేశావు. మేనేజరు సారుకి చెప్పాను. వచ్చినవాళ్లు అదేంటి ఇదేంటి అని అడుగుతున్నారని టేపు వేయించారు."

టేపు పీకాడు. కింద దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఈ గదిలో ఆ బుల్లి తలుపు సంగతి తెలిసినవాడు తనొక్కడే. గోటితో దాన్ని మూసేస్తే తెలిసినవాడే ఉండడు. వచ్చే నెల అతని మరమ్మతు కాంట్రాక్టు మళ్లీ రాస్తారు. అతనికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. రిపోర్టు పుస్తకం లాక్కుని, కాగితం చిరిగేలా నొక్కి రాశాడు: డిస్కు బాగుంది. తలుపు మూయనిది నేను. దీపానికి టేపు వేయించింది మేనేజరు. ఆపరేటరు ఇద్దరికీ చెప్పింది.

మేనేజరు చదివి ముఖం చిట్లించాడు. "ఇలా రాసుకుంటే రేపు కాంట్రాక్టు నీకెవడిస్తాడయ్యా?"

"ఎవడూ ఇవ్వక్కర్లేదు! చెవులుండీ నేను వినలేదు, కళ్లుండీ మీరు చూడలేదు. ఇద్దరం సరిపోయాం. మీరు తెచ్చిన ఆ కాగితం చింపుతారా, దీని నకలు హెడ్డాఫీసుకి పంపమంటారా?"

మేనేజరు అతన్ని, ఆమెని, ఆ దీపాన్ని చూశాడు. తను తెచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

ఆమె సొరుగులోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసింది. ఎవరు ఏ గదికి మారారో, ఏ నంబరు ఎవరికిచ్చారో, ఎనిమిదేళ్లదీ ఉంది.

"ఎవరు రాయమన్నారక్కా?"

"దీపం వెలుగుతుంటే నువ్వు రానంటివి. మరేం చెయ్యను?"

అతను గోటితో బుల్లి తలుపు మూసి డిస్కు లోపలికి తోశాడు. ఆమె చదువుతుంటే ఒక్కొక్క నంబరే కొట్టడం మొదలెట్టాడు.

"ముప్పైనాలుగు?"

"నన్ను పంపించేస్తానన్నాయనది."

"గేటు దగ్గరే మోగనిద్దామా?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"వద్దులేరా, ఆయనకే పెట్టు. నీ కాంట్రాక్టు పీకేశానని చెప్పడానికి ఆయనకీ ఒక ఫోను కావాలిగా."