బోర్లించిన గ్లాసు

కొత్తమ్మాయికి చావంటే అంత భయం లేదు. చచ్చిపోయాక ఆ సంగతి ఎవరికీ తెలియకుండా గది తలుపు అలా మూసే ఉండిపోతుందేమోనన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆమె భర్త ఊరుకాని ఊళ్ళో టైల్స్ పనికి వెళ్ళాడు. జ్వరమొచ్చి అద్దెగదిలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. మూడోరోజుకి గానీ కబురు రాలేదు. పక్కగదివాళ్ళు చేతులు నలుపుకుంటూ, "చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి కదమ్మా, లోపల లైటు కూడా వెలుగుతోంది. మనిషి బాగానే ఉన్నాడనుకున్నాం," అన్నారు. అప్పటికి పాపకి పదకొండో నెల.

కొత్తమ్మాయి ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. ఉన్న ఊళ్ళో ఎక్కడ పని అడిగినా, కబురు చేస్తామన్నవాళ్ళే గానీ చేసినవాళ్ళు లేరు. చివరికి ఎవరో విదేశంలో లాండ్రీ పని ఉందని చెప్పారు. అక్క ధైర్యం చెప్పింది. "పాప నా పిల్లల్లో కలిసి పెరుగుతుందే. నువ్వు కళ్ళు మూసుకుని విమానం ఎక్కెయ్." ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని ఎక్కింది. దిగి తెరిచేసరికి ఎదురుగా ఎండ. అట్లపెనం మీద నుంచి వచ్చే సెగలా మొహానికి కొట్టింది.

ఆ దేశంలో పొద్దున్న తొమ్మిదికే తలుపు గడియ చెయ్యి చురుక్కుమనిపించేది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే స్నానానికి కాచినట్టు నీళ్ళొచ్చేవి. ఆమెకిచ్చిన గది మూడో అంతస్తులో, పొడుగాటి వరండాలో ఏడో తలుపు. ఒక మంచం, ఒక బీరువా, కిటికీలో దడదడలాడే ఏసీ. పని హోటళ్ళ దుప్పట్లు ఉతికే చోట. ఆరిన దుప్పటిని ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని సాగదీసి, ఒకరికొకరు ఎదురు నడిచి మడత వెయ్యాలి. ఆమెకి జోడీగా నిలబడ్డ మనిషిది ఇంకో దేశం, ఇంకో భాష. రోజుకి నాలుగైదు వందలసార్లు ఇద్దరూ దగ్గరికొచ్చి, ఒక్క మాటైనా లేకుండా వెనక్కి నడిచేవాళ్ళు.

అలా పదకొండు రోజులు. ఫోన్లో పాపతో తప్ప ఎవరితోనూ నోరు విప్పలేదు. వరండాలో తెలుగు మాటలు వినిపించేవి, నవ్వులూ వినిపించేవి. తనని చూసే నవ్వుతున్నారనుకుని తల వంచుకుని పోయేది.

పన్నెండో రోజు పొద్దున్న ఎవరో తలుపు తట్టారు. తీస్తే, యాభై ఏళ్ళు దాటినావిడ, మెడలో కొలతల టేపు, చేతిలో స్టీలు గ్లాసు.

"తెలుగు వచ్చా, మింగేశావా?" అంది ఆవిడ.

"వచ్చండీ."

"అండీ గిండీ వద్దు. అందరూ పెద్దమ్మా అంటారు. వేళ తప్పనని వెనకాల గడియారం అంటారనుకో, అది నాకు తెలీదనుకుంటారు. ఎనిమిదో గది నాది. మీ లాండ్రీలోనే చిరిగిన దుప్పట్లు కుట్టేది నేనే. నువ్వు నా మిషను పక్కనించే పది రోజులుగా దొంగలా నడిచి పోతున్నావు. ఇదిగో, పట్టుకో."

గ్లాసు ఎందుకో చెప్పింది. రెండేళ్ళ కిందట తొమ్మిదో గదిలో ఒక రంగులు వేసే అతను పోతే రెండు రోజులు ఎవరికీ తెలియలేదట. వరండాలో పన్నెండు గదులు, పన్నెండింట్లోనూ తెలుగువాళ్ళే. అప్పుడు అందరూ కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పడుకోబోయేముందు ఎవరి గ్లాసు వాళ్ళు బయట కిటికీ గట్టు మీద నిలబెట్టాలి. లేవగానే వచ్చి బోర్లించాలి. పనికి వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందు పక్కగది గ్లాసు చూసి వెళ్ళాలి. బోర్లించి ఉంటే సరే. నిలబడి ఉంటే తలుపు బాదాలి, పలికేదాకా కదలకూడదు.

"నీ గ్లాసు ఆరో గది నర్సక్క చూస్తుంది. నా గ్లాసు నువ్వు చూడాలి. బోర్లించడం మర్చిపోయినవాళ్ళు సెలవురోజున మేడ మీద అందరికీ టీ పెట్టాలి. అదే శిక్ష."

కొత్తమ్మాయి గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళు నిండాయి.

"ఇదెక్కడి పిల్లే! గ్లాసిస్తే ఏడుస్తుంది, బిందె ఇస్తే ఏం చేసేదో!" అంది పెద్దమ్మ.

ఆ వారం మేడ మీదకి తీసుకెళ్ళింది. నీళ్ళ ట్యాంకుల నీడలో చాప పరుచుకుని పదిమంది దాకా కూర్చున్నారు. ఆసుపత్రిలో పనిచేసే నర్సక్క, వ్యాను నడిపే డ్రైవరన్న, సెలూన్లో పనిచేసే కత్తెర బాబాయి. బాబాయి నోరు, ఆయన కత్తెర ఒకలాంటివే, ఒక్క క్షణం ఆగవు.

"గ్లాసులెందుకు పెద్దమ్మా, ఫోన్లో గ్రూపుంది కదా! పొద్దున్నే అందరం ఒక పువ్వు బొమ్మ పెడితే సరిపోదూ?" అన్నాడు.

"నిన్నటి పువ్వే మళ్ళీ పంపొచ్చు. పడుకునే పంపొచ్చు. గ్లాసు బోర్లించాలంటే మనిషి మంచం దిగాలి రా."

ఆ రోజు నించీ కొత్తమ్మాయికి నిద్ర పట్టింది. పొద్దున్నే గ్లాసు బోర్లించి, పెద్దమ్మ గ్లాసు చూసి, వ్యాను ఎక్కేది. విరామంలో ఫోన్ చేస్తే పాప మొదట అదే అడిగేది. మాటలు వచ్చీ రాకుండానే, "అమ్మా, గ్లాసు బోల్లించావా?" అనేది. తరవాత "పెద్దమ్మమ్మ?" అనేది. "తనూ బోర్లించింది నాన్నా" అంటే గానీ ముద్దు ఇచ్చేది కాదు. రెండేళ్ళు గడిచాయి. వరండాలోకి ఇంకా కొత్తవాళ్ళు వచ్చినా ఆమె పేరు మాత్రం కొత్తమ్మాయిగానే ఉండిపోయింది.

ఈమధ్య పెద్దమ్మ మర్చిపోవడం మొదలెట్టింది. ఒకే నెలలో రెండుసార్లు గ్లాసు నిలబడే ఉంది. కొత్తమ్మాయి తలుపు బాదితే రెండుసార్లూ చిరాగ్గా, "లేచానే, మర్చిపోయాను," అంటూ వచ్చింది. మేడ మీద టీ పెడుతుంటే బాబాయి ఊరుకోలేదు.

"గడియారానికి కీ ఇవ్వాల్సొచ్చింది రోయ్! ఇంకోసారి ఆగితే ఇంటికి పార్సిలే!"

అందరూ నవ్వారు. పెద్దమ్మా నవ్వింది. కానీ మెట్లు దిగేటప్పుడు కొత్తమ్మాయి భుజం పట్టుకుని, "మూడోసారి మర్చిపోతే నిజంగానే ముసలిదాన్నయ్యానంటారే. మా తమ్ముడికి ఫోన్ చేస్తారు. అక్కడికెళ్ళి ఏం చెయ్యను? వాడి డాబా మీద ఒక గది ఉంది, అందులో కూర్చుని గోడలు చూడాలి. ఇక్కడైతే పన్నెండు తలుపులున్నాయి," అంది.

ఆ మాట కొత్తమ్మాయి మనసులో ఉండిపోయింది.

తరవాత మంగళవారం. పెద్దమ్మకి ఆ రోజు సెలవు. కొత్తమ్మాయి బయటికి వచ్చేసరికి ఎనిమిదో గది కిటికీ గట్టు మీద గ్లాసు నిలబడి ఉంది. కింద డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు. నర్సక్క డ్యూటీ దిగి వరండా చివర మెట్లెక్కి వస్తోంది. ఆవిడ కంట పడితే సాయంత్రానికల్లా మేడ మీద ఇదే మాట. పాపం, సెలవు కదా, పడుకుని ఉంటుంది. ఎందుకు లేపడం? ఎందుకు నలుగురిలో చులకన చెయ్యడం?

కొత్తమ్మాయి చెయ్యి చాపి ఆ గ్లాసుని తనే బోర్లించేసింది. అమ్మకి కనపడకుండా చెల్లెలి తప్పు సర్దేసినంత తేలిగ్గా. చేసినందుకు వ్యానులో కూర్చున్నాక సంతోషం కూడా కలిగింది.

విరామంలో ఫోన్ చేసింది. తెర నిండా పాప మొహం.

"అమ్మా, గ్లాసు?"

"బోర్లించా నాన్నా."

"పెద్దమ్మమ్మ?"

కొత్తమ్మాయి నోరు తెరిచింది. "తనూ బో..." అని ఆగింది.

"పెద్దమ్మమ్మ బోల్లించిందా?" పాప మళ్ళీ అడిగింది.

లేదు. బోర్లించింది నేను. ఇవాళ ఆ తలుపు వైపు ఇంకెవరూ చూడరు. గ్లాసు చూసినవాళ్ళంతా మనిషి బాగానే ఉందనుకుని వెళ్ళిపోతారు. చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి కదమ్మా. లైటు వెలుగుతోంది కదమ్మా. పాప ఇంకా తెర మీద ఉండగానే ఫోన్ పెట్టేసి పెద్దమ్మకి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. నర్సక్క డ్యూటీ చేసొచ్చి పడుకున్నట్టుంది, ఆవిడా ఎత్తలేదు. డ్రైవరన్నకి చేసింది.

"అన్నా, పెద్దమ్మ తలుపు కొట్టన్నా! పగలగొట్టన్నా!"

"ఏమైందమ్మా? పొద్దున్న గ్లాసు బోర్లించే ఉందిగా, మిమ్మల్ని దించి టిఫినుకి గదికొచ్చినప్పుడు చూశాను..."

"అది నేనన్నా! నేనే బోర్లించాను!"

అవతల వ్యాను స్టార్టయిన చప్పుడు.

పెద్దమ్మ మంచానికీ స్నానాలగదికీ మధ్య నేల మీద ఉంది. ఏసీ ఆగిపోయిన గది కొలిమిలా ఉందట. ఊపిరి ఉంది. ఎడమవైపు చచ్చుబడిపోయింది. తెల్లారుజామున లేవబోతూ పడిపోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. మూడు గంటలు ముందు తెచ్చి ఉంటే ఆ చెయ్యి నిలిచేదేమో అని కూడా అన్నాడు. పొద్దున్న గ్లాసు చూసిన వేళకీ తలుపు పగిలిన వేళకీ మధ్య ఉన్నది సరిగ్గా మూడు గంటలే.

సెలవురోజున మేడ మీద ఆమె అందరి ముందూ నిలబడి చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. బాబాయి తల దించుకున్నాడు. ఆ రోజు ఆయన నోట జోకు రాలేదు, ఆ తరవాత చాలా రోజులు రాలేదు. నర్సక్క మాత్రం ఊరుకోలేదు.

"జాలిపడ్డావు. జాలిపడి నువ్వు ఆవిడకి ఉన్న ఒక్క గొంతూ నొక్కేశావు. ఇకనించి నువ్వు ఎవరి గ్లాసూ చూడక్కర్లేదు."

అలాగే వరస మార్చేశారు. పెద్దమ్మ ఆసుపత్రి నించి వచ్చాక ఆవిడ గ్లాసు చూసే పని ఇంకొకరికి అప్పజెప్పారు. కానీ రోజూ కొత్తమ్మాయి వ్యాను ఎక్కేలోపు నర్సక్క వరండాలోకి వచ్చి, పలకరించకుండానే, ఆమె గ్లాసు వైపు చూసి వెళ్ళేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. అది తలుచుకునే కొత్తమ్మాయి గదిలో కూర్చుని ఏడ్చేది.

రెండు నెలలకి పెద్దమ్మని ఇంటికి పంపే ఏర్పాటు అయ్యింది. చక్రాల కుర్చీలో వరండాలో కూర్చోబెట్టారు. పన్నెండు గదులవాళ్ళూ వచ్చారు. కొత్తమ్మాయి వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పెద్దమ్మ కుడిచేత్తో ఒళ్ళోని గ్లాసు ఎత్తింది. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"ఇది... దీన్ని... అక్కడ... ఎవరు చూస్తారు?"

అందరూ నర్సక్క వైపు చూశారు.

"ఏడో గది. అదే చూడాలి." నర్సక్క వైపు తిరిగి, ఒక్కో మాటా కూడగట్టుకుని అంది. "ఇక అది... నిద్రలో కూడా... మర్చిపోదు."

నర్సక్క కొత్తమ్మాయిని రెక్క పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది. పెద్దమ్మ ఆమె చెంప మీద మెల్లిగా ఒకటి వేసింది. అది దెబ్బో ముద్దో ఇప్పటికీ ఆమెకి తెలీదు.

ఇంటికెళ్ళాక పెద్దమ్మ తనే షరతు పెట్టింది. ఫోటో పనికిరాదు, నిన్నటిది పంపొచ్చు. వీడియో కాల్లో, కొత్తమ్మాయి కళ్ళ ముందే గ్లాసు బోర్లించాలి. ఒంటి చేత్తో, వేళ్ళు వణుకుతుంటే, ఒక్కోసారి గ్లాసు దొర్లిపోయేది. "ఆగవే, నవ్వకు" అంటూ మళ్ళీ ఎత్తేది. నాలుగు నెలలు, రోజూ వ్యాను ఎక్కేముందు.

నిన్న కాల్ రాలేదు. ఇవాళా రాలేదు. చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. తమ్ముడికి చేస్తే ఆయన నిద్రగొంతుతో అన్నాడు.

"ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉందమ్మా పైనించి. పడుకుని ఉంటుంది. నా మోకాళ్ళకి ఆ మెట్లు పడవు. మా ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళారు, ఎల్లుండి రాగానే చూడమంటాలే."

కొత్తమ్మాయి మళ్ళీ చేసింది. బతిమాలింది. ఆయన ఫోన్ కట్టేశాడు. వరండాలో పన్నెండు గదులవాళ్ళూ తమకి తెలిసిన నంబర్లన్నిటికీ చేస్తున్నారు. ఆ ఇల్లు వీడియోలో చూసిందే గానీ వీధి పేరు ఎవరికీ తెలీదు. అన్ని సముద్రాల ఇవతల నించి చెయ్యి చాపితే తలుపు అందదు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడగడం. కింద ఇల్లు, దాని ముందు పిండిమర, పైన ఒకే ఒక్క గది, బయటివైపు నించి ఇనప మెట్లు, ఆకుపచ్చ తలుపు, కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే ఒక్కసారి మెట్లెక్కండి. గ్లాసు ఎలా ఉందో చూడకండి, ఫ్యాను చప్పుడు వినకండి. తలుపు కొట్టండి. లోపలినించి ఆవిడ గొంతు వినిపించేదాకా కొడుతూనే ఉండండి.